గోల్ పడింది... చూసేవారేరీ?

2022 మార్చి 20. గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ పెనాల్టీల దాకా వచ్చింది. హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఒకటి కాదు, రెండు కాదు... మూడు కిక్కులు ఆపేశాడు. కప్పు హైదరాబాద్‌ది! ఆటగాళ్లు ఒకరిమీద ఒకరు పడి గంతులేస్తున్నారు. గ్యాలరీలు మాత్రం మూగబోయాయి. ఎందుకంటే, అక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తమ జట్టు కోసం కేరళ నుంచి తరలివచ్చిన బ్లాస్టర్స్ అభిమానులే.

మైదానంలో హైదరాబాద్ గెలిచింది. గ్యాలరీలో కేరళ గెలిచింది.

ఇందులో మనవాళ్ల తప్పు కొంతే. కొవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లను గోవాలోనే ఆడించారు. అంటే, హైదరాబాద్ జట్టు దేశానికే ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు. ఆ తర్వాత జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. 2022-23లో పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాదే డబ్బు చిక్కులు, జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం... ఒకదాని వెనక ఒకటి. ఆటగాళ్లు వెళ్లిపోయారు. జట్టు అట్టడుగుకు చేరింది. యజమానులు మారారు. చివరికి 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకుంది.

నగరంలో పెద్ద నిరసనలేవీ జరగలేదు. ఒక సినిమా వాయిదా పడితే ఎంత బాధపడతామో, అంత బాధ కూడా చాలామందికి కలగలేదు. ఆలోచించాల్సింది ఇక్కడే. జట్టు పోవడానికి డబ్బు కారణం కావచ్చు. పోతుంటే ఆపేవాళ్లు లేకపోవడానికి కారణమేమిటి?

ఈ ఊరికి ఆట కొత్తా?

‘మనది క్రికెట్ ఊరండీ, ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు’ అనేస్తారు చాలామంది. కాస్త వెనక్కి వెళ్తే ఆ మాట తేలిపోతుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఇంటికి తెచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరి బడిపంతులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకాలు వచ్చినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కినా శిక్షకుడు ఆయనే. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు హైదరాబాద్‌వి. 1965-66 ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌ది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. హైదరాబాద్‌లో పుట్టిన మహమ్మద్ హబీబ్, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద 1977లో మోహన్‌బగాన్ తరఫున గోల్ కొట్టాడు.

ఆ మ్యాచ్ జరిగింది ఎక్కడ? కోల్‌కతాలో. హబీబ్‌ను ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకున్నది ఎవరు? కోల్‌కతా జనం. ఒక్క హబీబే కాదు... నయీముద్దీన్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరిదీ అదే దారి. అక్కడ డబ్బుంది. ఆ డబ్బు వెనక జనం ఉన్నారు. 1997లో ఈస్ట్ బెంగాల్, మోహన్‌బగాన్ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్ స్టేడియానికి వచ్చినవాళ్లు అక్షరాలా 1,31,781 మంది. జనం ఉన్నచోటికే ఆటగాడు వెళ్తాడు. ఆటగాడు వెళ్లిపోయిన ఊళ్లో జనం ఇంకా తగ్గుతారు. మన ఊరు ఈ సుడిలో పడి దశాబ్దాలైంది.

వాళ్లకూ తప్పలేదు

జనం రావడం మానేయడం మనకే పట్టిన శని కాదు. ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లని చెప్పుకునే ఇంగ్లండ్ సంగతే చూడండి. 1948-49 సీజన్‌లో అక్కడి లీగ్ మ్యాచ్‌లను చూసినవారి సంఖ్య 4.12 కోట్లు దాటింది. యుద్ధం ముగిసింది, వేరే వినోదం లేదు, టికెట్ చవక. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది, కారు వచ్చింది. గ్యాలరీల్లోకి రౌడీయిజం వచ్చింది. పాతబడిన స్టాండ్లను పట్టించుకున్నవాళ్లు లేరు. 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్ సిటీ మైదానంలో చెక్క స్టాండుకు నిప్పంటుకుని 56 మంది చనిపోయారు. 1985-86 వచ్చేసరికి ప్రేక్షకుల సంఖ్య 1.65 కోట్లకు దిగిపోయింది. 1989లో హిల్స్‌బరో తొక్కిసలాట 97 మందిని బలి తీసుకుంది.

అప్పుడు గానీ కళ్లు తెరవలేదు. పెద్ద క్లబ్బులన్నీ ప్రతి ప్రేక్షకుడికీ సీటు వేయాల్సి వచ్చింది. మరుగుదొడ్లు, దారులు బాగుపడ్డాయి. కుటుంబాలకు విడిగా స్టాండ్లు వెలిశాయి. జనం తిరిగొచ్చారు. దాంతో పాటే టికెట్ల ధరలూ ఆకాశానికెక్కాయి. పాత అభిమానులు గోల పెట్టాక, ప్రీమియర్ లీగ్‌లో పొరుగూరి నుంచి వచ్చే అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని 2016-17 నుంచి హద్దు పెట్టారు.

మంటల్లో 56 మందిని పోగొట్టుకున్న ఆ బ్రాడ్‌ఫర్డ్ క్లబ్బే తర్వాత మరో పాఠం నేర్పింది. 2015-16లో అది మూడో శ్రేణి లీగ్‌లో ఆడుతోంది. ముందుగా కొంటే సీజన్ మొత్తానికి టికెట్ 149 పౌండ్లే అంది. సొంతగడ్డ మీద 23 లీగ్ మ్యాచ్‌లు... అంటే ఒక్కోదానికి ఆరున్నర పౌండ్లు! సుమారు 18 వేల సీజన్ టికెట్లు అమ్ముడయ్యాయి. ఖాళీ కుర్చీ పైసా ఇవ్వదు. చవగ్గా నిండిన కుర్చీ టికెట్ డబ్బుతో పాటు టీ, సమోసా డబ్బులూ ఇస్తుంది. పైగా పక్కనున్న కుర్చీకి ఉత్సాహమిస్తుంది.

మరి ఉచితంగా ఇచ్చేస్తే? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఊరికే పంచిన పాసు చాలాసార్లు ఇంట్లో టీవీ మీదే ఉండిపోతుంది. పది రూపాయలైనా పెట్టి కొన్నవాడు ఆ పది రూపాయల కోసమైనా బయల్దేరతాడు. ఒకసారి ఉచితమైన దానికి మళ్లీ ధర పెడితే కొనడానికి మనసొప్పదు.

గెలిస్తే చాలదు

‘గెలిచే జట్టుంటే జనం వాళ్లే వస్తారు’ అన్నది మరో వాదన. సగం నిజం. గెలుపు జనాన్ని తెస్తుంది. నిలబెట్టేది అలవాటు. మాంచెస్టర్ సిటీ ఇప్పుడు కోట్లకు పడగలెత్తిన క్లబ్బు. 1998-99లో అదే జట్టు మూడో శ్రేణికి పడిపోయింది. అప్పుడు కూడా మ్యాచ్‌కు సగటున 28 వేల మంది వచ్చారు. తాత వెళ్లేవాడు, నాన్న తీసుకెళ్లేవాడు, కాబట్టి తామూ వెళ్లేవాళ్లు. హైదరాబాద్ కథ దీనికి సరిగ్గా తిరగబడింది. కప్పు వచ్చింది. అలవాటు పుట్టేంత సమయం దొరకలేదు.

పిలిస్తే వస్తారా? వస్తారు... ఆ పూటకు. 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీతో భారత్ ఆడిన మ్యాచ్‌కు వచ్చింది 2,569 మంది. కెప్టెన్ సునీల్ ఛెత్రి ఉండబట్టలేక వీడియోలో చేతులు జోడించి అడిగాడు... తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి అని. కెన్యాతో జరిగిన తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అయిపోయాయి. కానీ ప్రతి ఆదివారం కెప్టెన్ వచ్చి దండం పెట్టలేడు కదా!

కేరళలో ఆ అవసరం రాలేదు. 2014లో సూపర్ లీగ్ మొదలైన ఏడాదే కొచ్చిలో మ్యాచ్‌కు సగటున 49 వేల మంది కూర్చున్నారు. ప్రకటనలు చూసి వచ్చిన జనం కాదది. మలబారు ఊళ్లలో కోతలైపోయిన పొలాల్లో, తాత్కాలిక గ్యాలరీలు కట్టి ఏడుగురేసి ఆడే ‘సెవెన్స్’ పోటీలు ఎప్పటినుంచో ఉన్నాయి. పిల్లలు నాన్న భుజాలమీద కూర్చుని ఆట చూస్తూ పెరిగారు. అలాగని కొచ్చి కుర్చీలు ఎప్పుడూ నిండే ఉంటాయనుకోవద్దు. 2018-19లో జట్టు నెలల తరబడి గెలవకపోతే అక్కడా గ్యాలరీలు ఖాళీ అయ్యాయి. కాకపోతే, అక్కడ జనం అలిగి మానేశారు. అలిగారంటే జట్టు తమదనుకున్నట్టే. మన దగ్గర అలిగినవాళ్లు కూడా తక్కువే.

ఇల్లు కదలాలంటే...

ఒక కుటుంబం మ్యాచ్‌కు వెళ్లాలనుకుంటే ముందుగా ఏం లెక్కేస్తుంది? టికెట్ ధర కాదు, తిరుగు ప్రయాణం! రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట ముగిసేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. మర్నాడు పిల్లలకు బడి. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకున్న పేటలు పాతబస్తీ వైపు బార్కస్, సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపక్కల ఉన్నాయి. గచ్చిబౌలి స్టేడియం ఊరికి మరో చివర. అటువైపు వెళ్లే మెట్రో 2019 నుంచి రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి ఆటోవాలాతో బేరమాడాలి. జర్మనీలో చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజుకు ఊళ్లో బస్సు, రైలు టికెట్టుగా కూడా పనిచేస్తుంది. ఇది రాకెట్ సైన్సేమీ కాదు. క్లబ్బు, ఆర్టీసీ కూర్చుని మాట్లాడుకుంటే పేటకో బస్సు నడుస్తుంది.

రెండోది, వేళ. ఈ వారం బుధవారం, వచ్చే వారం శనివారం అంటే ఎవరికి గుర్తుంటుంది? సంత ఫలానా రోజని తెలిస్తేనే ఊరు కదులుతుంది. ఆటకూ ఓ వారం, ఓ వేళ ఉండాలి. ఆదివారం సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ కదులుతారు. మూడోది, తల్లులు అడిగే ప్రశ్నలు. శుభ్రమైన మరుగుదొడ్డి ఉందా? మంచినీళ్లు దొరుకుతాయా? ఆడపిల్లతో కూర్చోవచ్చా? వీటికి ‘ఉంది’ అని జవాబు చెప్పలేని స్టేడియం ఎంత పెద్ద స్టార్‌ను తెచ్చినా సగం జనాభాను గేటు బయటే వదిలేసినట్టు.

గల్లీ నుంచి గ్యాలరీకి

అన్నిటికన్నా చవకైన చిట్కా ఇంకోటుంది. పెద్ద మ్యాచ్‌కు ముందు అదే మైదానంలో రెండు బడుల మధ్య అరగంట ఆట పెట్టండి. ఇరవై ఇద్దరు పిల్లలు ఆడితే నలభై నలుగురు అమ్మానాన్నలు వస్తారు. వాళ్లతో అక్కలు, తమ్ముళ్లు, తాతయ్యలు. సీజన్‌లో పది మ్యాచ్‌లకు ఇరవై బడులు. పెద్ద ఆటగాళ్లు నడిచిన గడ్డిమీద పరుగెత్తిన పిల్లాడు ఆ క్లబ్బును జన్మలో మరిచిపోడు. వాడు పెద్దయ్యాక వాడి పిల్లల్నీ తీసుకొస్తాడు. అదే పిల్లాడు ఏదో ఒకరోజు జట్టులోకి వస్తే... ఆ పేట మొత్తం గ్యాలరీలోనే!

చివరి మాట యాజమాన్యం గురించి. జర్మన్ క్లబ్బుల్లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతుల్లోనే ఉండాలన్న నిబంధన ఉంది. డార్ట్‌మండ్ క్లబ్బు దక్షిణ స్టాండులో దాదాపు 25 వేల మంది నిలబడి ఆట చూస్తారు. వాళ్లు తమను ప్రేక్షకులమనుకోరు, ఇంటివాళ్లమనుకుంటారు. అలాంటి క్లబ్బును రాత్రికి రాత్రే వేరే ఊరికి పట్టుకుపోవడం ఎవరి తరమూ కాదు. హైదరాబాద్ పోగొట్టుకున్నది ఒక జట్టునే అనుకుంటే డబ్బున్న మరొకరు ఇంకో జట్టు తెస్తారు. అదీ ఇలాగే వస్తుంది, ఇలాగే పోతుంది. లోటు ‘ఇది మాది’ అనేవాళ్లది. వాళ్లను కొనలేం, పెంచుకోవాలి.

ఆ పని క్లబ్బులే చేయాలని కూడా లేదు. ఈ సాయంత్రం మీ పేట మైదానంలో పిల్లలు చెప్పుల్ని గోల్‌పోస్టులు చేసుకుని ఆడుతూనే ఉంటారు. టికెట్ లేదు, పార్కింగ్ బాధ లేదు. ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. గోల్ పడితే చప్పట్లు కొట్టండి. తమ ఆటను ఒకరు చూస్తున్నారని తెలిస్తే ఆ పిల్లలు రేపు మరింత బాగా ఆడతారు.