‘వద్దు’ అన్న 13,495 మంది

జీతాల ఒప్పందం ఏదైనా చర్చకు వచ్చినప్పుడు మా ఉపాధ్యాయుల్లో ఎవరో ఒకరు, “ఇచ్చింది పుచ్చుకోవటమే తెలివి, ఎక్కువకు పోతే ఉన్నదీ ఊడుతుంది” అంటారు. కాస్త లోకజ్ఞానం ఉన్నవారైతే 1981లో అమెరికాలో విమానాల రాకపోకలు నడిపే కంట్రోలర్ల గతి చూడమంటారు. వీరు ఆ కథను చివరినుంచి చదువుతున్నారని నా అభిప్రాయం. నేను మొదటినుంచి చదువుతాను.

కంట్రోలరు ముందున్న తెరమీద చుక్కలు కదులుతూ ఉంటాయి. ఒక్కొక్క చుక్కలో వందమందో రెండువందలమందో మనుషులుంటారు. ఏ విమానం ఎంత ఎత్తున పోవాలో, ఎప్పుడు దిగాలో అతను రేడియోలో చెప్పాలి. నా తరగతిలో పొరపాటు జరిగితే మర్నాడు దిద్దుకోవచ్చు. అతనికి మర్నాడు లేదు.

అందుకే వాళ్ల సంఘం, పాట్కో, ఏడాదికి 10,000 డాలర్ల పెంపుతో పాటు వారానికి 32 గంటల పని, మెరుగైన పెన్షను అడిగింది. 1981 జూన్ 22న సంఘాధ్యక్షుడు రాబర్ట్ పోలి, రవాణా మంత్రి డ్రూ లూయిస్ ఒక రాజీకి వచ్చారు. దాని విలువ సుమారు 4 కోట్ల డాలర్లు. అందులో డబ్బు ఉంది గాని, 32 గంటల వారం లేదు, అడిగిన పెన్షను లేదు.

ఈ రాజీ తీసిపారెయ్యవలసినది కాదు. అమెరికాలో ప్రభుత్వోద్యోగుల జీతాలను నిర్ణయించేది చట్టసభ. వాటిని గురించి సంఘంతో బేరమాడటమే అంతవరకు లేని విషయం. ‘సరే’ అనదలచినవారి వాదానికి ఇది గట్టి ఆధారం. కాని ‘వద్దు’ అన్నవారి వాదం మరొకటి: అలసటకు ధర కట్టారేగాని అలసట తగ్గించలేదు. ఓట్లు లెక్కించగా ‘సరే’కు 616, ‘వద్దు’కు 13,495 వచ్చాయి. వందకు తొంభై అయిదుమంది ఒక్కమాట మీద నిలబడితే దాన్ని అత్యాశ అనటం అన్యాయం.

ఆగస్టు 3న సమ్మె మొదలయింది. ప్రభుత్వోద్యోగుల సమ్మె అక్కడ చట్టవిరుద్ధం. అధ్యక్షుడు రీగన్ 48 గంటలు గడువిచ్చి, తిరిగిరాని 11,345 మందిని బర్తరఫ్ చేశాడు. 1980 ఎన్నికల్లో ఇదే సంఘం అతన్ని బలపరిచింది! అక్టోబరులో సంఘానికి గుర్తింపు పోయింది. వాళ్లను మళ్లీ తీసుకోరాదన్న నిషేధం 1993దాకా సాగింది.

ఎందుకు ఓడారు? వాళ్లలో వాళ్లకు ఐకమత్యం లేక కాదు. పైలట్లు విమానాలు నడుపుతూనే ఉన్నారు, మెకానిక్కులు మరమ్మతులు చేస్తూనే ఉన్నారు, కంట్రోలర్ల కుర్చీల్లో సూపర్వైజర్లూ సైనికులూ కూర్చున్నారు. సెప్టెంబరు 19న వాషింగ్టన్‌లో రెండు లక్షలకు పైగా కార్మికులు ఊరేగారు. కాని అప్పటికి బర్తరఫులు జరిగి ఆరు వారాలు దాటింది. ఒప్పందం మీద చర్చించినవారు, ‘వద్దంటే మనతో ఎవరు వస్తారు?’ అన్న ప్రశ్నకు కూడా ఓటింగుకు ముందే జవాబు సంపాదించుకోవలసింది.

ఇది మనకు దూరపు కథ కాదు. 2003 జూలైలో తమిళనాడులో సమ్మె చేసిన ప్రభుత్వోద్యోగులను, ఉపాధ్యాయులను సుమారు 1,70,000 మందిని అక్కడి ప్రభుత్వం తొలగించింది. తరవాత చాలామందిని తిరిగి తీసుకున్న మాట నిజమే. కాని ప్రభుత్వోద్యోగికి సమ్మె చేసే హక్కు చట్టరీత్యా లేదు, నైతికంగానూ లేదు అని ఆగస్టు 6న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ‘వద్దు’ అనవచ్చు, అన్నాక పని మానరాదు. ఇటువంటి స్థితిలో, బయటివారి అండ లేని ‘వద్దు’ ఎంత సబబైనదైనా ఒంటరిదే.

అత్యాశ వల్లనే చెడ్డారనేవారికి ఇంకొక్క సంగతి చెప్పాలి. బర్తరఫయిన వారి స్థానాల్లో ప్రభుత్వం ఏరి కొత్తవారిని నియమించింది. సమ్మె అంటే ఏమవుతుందో వారికి బాగా తెలుసు. అయినా ఆరేళ్లు తిరిగేసరికి, 1987లో, ఆ కొత్తవారే ఓటు వేసి తమకొక సంఘం పెట్టుకున్నారు. మనుషులు మారినా ఆ కుర్చీలో అలసట మారలేదు.