పరుగు మర్నాడు... అరకు రైల్లో!

విశాఖలో ఈత, ఘాట్‌రోడ్డులో సైకిలు, అరకులోకి పరుగు... అంతా కలిపి 113 కిలోమీటర్లు. అదంతా శనివారం సంగతి. అసలు కథ ఆదివారం తెల్లారాక మొదలైంది!

పొద్దున ఆరింటికి మెలకువ వచ్చింది. లేవబోతే కాళ్లు మాట వినలేదు. మంచం దిగడానికే అయిదు నిమిషాలు పట్టింది. లాడ్జి గదిలో ఉన్నది మన పద్ధతి మరుగుదొడ్డి. దాని గురించి ఇంతకుమించి రాయను. కిటికీ చువ్వలు పట్టుకుని పైకి లేచానని మాత్రం చెప్పగలను.

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేయడం. 1978లో హవాయి దీవుల్లో 15 మందితో మొదలైన ఐరన్‌మ్యాన్ పోటీ దీనికి పేరు తెచ్చింది. అందులో 3.8 కి.మీ. ఈదాలి, 180 కి.మీ. సైకిలు తొక్కాలి, 42.2 కి.మీ. పరుగెత్తాలి. ఇందులో సగం దూరం పోటీ 2019లో గోవాకూ వచ్చింది. మేం ముగ్గురు స్నేహితులం ఏ పోటీకీ వెళ్లలేదు. ఆ సగం దూరాన్ని లెక్కేస్తే 113 కి.మీ. వచ్చింది. విశాఖ నుంచి అరకుకూ ఇంచుమించు అంతే. ఇంకేం, మన ట్రయథ్లాన్ మనమే చేసుకుందాం అనుకున్నాం!

తెల్లవారుజామున అయిదింటికి కొలనులో దిగాం. శృంగవరపుకోట దాకా సైకిలు హుషారుగానే సాగింది. ఆ తర్వాత మొదలైంది కొండ. టైడా, అనంతగిరి దాటి గాలికొండ ఎక్కేసరికి సత్తువంతా అయిపోయింది. అక్కడి నుంచి పరుగు. పదకొండు గంటల తర్వాత అరకు చేరాం. ముగ్గురిలో నేనే ఆఖరు.

దిగుడే దెబ్బతీసింది
‘ఎక్కేటప్పుడు కదా కష్టపడ్డాం, మరి తొడలు ఇప్పుడెందుకు ఇలా లాగేస్తున్నాయి?’ అనడిగాను. మాలో ఒకడు డాక్టరు. దిగుడులో పరుగెత్తేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాల్సి వస్తుందట. దాంతో కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఎక్కువవుతుంది. ‘ఇవాళ కంటే రేపు ఇంకా బాగుంటుంది’ అని నవ్వాడు వాడు.

నొప్పి మాత్ర వేసుకోబోతే చేతిలోంచి లాక్కున్నాడు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు చేస్తాయట. అలాగని బిందెలకొద్దీ మంచినీళ్లు తాగేసినా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. దాహానికి తగ్గట్టు, ఉప్పూ పంచదారా కలిసిన నీళ్లు తాగాలన్నమాట.

టిఫిన్ కోసం బయటికొస్తే రోడ్డు పక్కన ఒకామె చోడి అంబలి అమ్ముతోంది. రెండు గ్లాసులు తాగాను. మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ... నిన్న దారిపొడవునా మింగిన ఖరీదైన జెల్ పొట్లాలన్నీ దీని ముందు దిగదుడుపే అనిపించింది. ఈ కొండల్లో పొలానికి వెళ్లేవారు ఎండిన ఆనపకాయ బుర్రలో అంబలి పోసుకుని వెళ్తారు. ఆ బుర్రలో పోస్తే చల్లగా ఉంటుంది.

తర్వాత మెల్లగా నడిచాం. నిన్న ఇదే లోయలోకి పరుగెత్తుకుంటూ వచ్చినా రోడ్డు మీది తెల్లగీత తప్ప ఏమీ చూడలేదు. ఇవాళ అడుగులో అడుగేస్తుంటే అన్నీ కనబడ్డాయి. పొలాల నిండా పసుపు పరిచినట్టు వలిసె పూలు. చెట్ల నీడన ఎర్రబడుతున్న కాఫీ కాయలు.

రైలు మెట్టెక్కించిన చేయి
సైకిళ్లు జీపులో వెళ్లిపోయాయి. మేం మధ్యాహ్నం తర్వాత వచ్చే కిరండూల్ - విశాఖ రైలు కోసం స్టేషన్‌కు వెళ్లాం. రైలు వచ్చింది. మెట్టు చూస్తే గుండె ఆగినంత పనైంది. మోకాలు అంత ఎత్తుకు లేవడం లేదు. పైనుంచి ఓ చేయి వచ్చింది. పట్టుకుని ఎక్కాక చూస్తే, అరవై ఏళ్లు దాటిన గిరిజన మహిళ. పక్కనే అల్లం మూట.

‘కాళ్లకేటైంది బాబూ?’ అంది. జరిగింది చెప్పాను.

‘డబ్బులెవులిస్తారు?’

‘ఎవరూ ఇవ్వరమ్మా, సరదాకే.’

పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ఆ మూటతో కొండ మీది ఊరి నుంచి నడిచి వచ్చిందట. మాటల్లో చెప్పింది... రెండేళ్ల కిందట కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి దించారు. పొద్దున బయల్దేరితే రోడ్డు చేరేసరికి మధ్యాహ్నమైంది. ‘బిడ్డ దక్కాడు’ అంది, అంతే.

డోలీ మోతల వార్తలు నాకు కొత్త కాదు. వాటికి శీర్షికలు నేనూ పెట్టాను. కానీ ఒక మనిషిని భుజాన మోస్తూ ఆ దిగుడు దిగితే తొడలెలా ఉంటాయో, మర్నాడు మళ్లీ పొలానికి ఎలా వెళ్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. మాకు మర్నాడు విశ్రాంతి ఉంది. డాక్టరూ పక్కనే ఉన్నాడు. అదీ తేడా.

రైలు శిమిలిగూడ దాటి సొరంగాల్లోకి దూరింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960ల్లో వేసిన దారి ఇది. చీకటి, వెలుగు, మళ్లీ చీకటి. ప్రతి సొరంగం దగ్గరా పిల్లల కేకలు. గంటకోసారి లేచి పెట్టెలో అటూ ఇటూ నడవమని డాక్టరు ఆజ్ఞ. కదలకుండా కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి, రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంటుంది. నేను కుంటుతూ తిరుగుతుంటే ఆమె చూసి నవ్వుతూనే ఉంది. శృంగవరపుకోటలో మూట నెత్తిన పెట్టుకుని చకచకా దిగిపోయింది.

ఇంటికి చేరేసరికి రాత్రయింది. తలుపు తీస్తూనే మా అబ్బాయి అడిగాడు, ‘ఫస్టొచ్చావా నాన్నా?’

‘థర్డ్ వచ్చాను.’

‘ఎంతమందిలో?’

అప్పటికే అమ్మ వేడినీళ్లు పెట్టింది. జవాబు చెప్పకుండా స్నానానికి వెళ్లిపోయాను!

మర్నాడు ఇవి మరవొద్దు
* మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.
* పిక్క ఒకవైపే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా డాక్టరుకు చూపించాలి.
* అన్నంతోపాటు పప్పు, గుడ్డు, పెరుగు తినాలి. నిండుగా నిద్రపోవాలి. మెల్లగా నడవాలి. పరుగు మాత్రం కొన్నాళ్లు వద్దు.
* అలసటతో సొంతంగా ఘాట్‌రోడ్డులో బండి నడపొద్దు. బస్సో, రైలో మేలు. రైలు వేళలు ముందే చూసుకోవాలి.