పాత మిద్దెలో కొత్త బచ్చలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పాత మిద్దెల్లో స్నానానికంటూ గది కట్టింది తక్కువ. పెరట్లో ఓ మూల నాలుగు బండలు పరిచి, పక్కన నీళ్ల తొట్టి కట్టి, చుట్టూ గోడ లేపితే అదే బచ్చలి. పొయ్యి మీద కాగు, చేతిలో చెంబు. వాడిన నీళ్లు కాలువ వెంట అరటిచెట్టు పాదులోకి పోయేవి. ఇప్పుడు ఆ మూలకే కమోడూ గీజరూ షవరూ రావాలి. రావాల్సిందే. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దవాళ్లు అర్ధరాత్రి చీకట్లో ఇబ్బంది పడకూడదు.

అయితే పని మొదలవగానే గునపం పోటు పడేది కింది బండ మీదే. అది చూస్తే నా ప్రాణం చివుక్కుమంటుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేలలో దొరికే నాపరాయి అది. బొంబాయి వంటిళ్ల గట్ల మీద 'కడప్పా' పేరుతో పరుచుకున్న రాయీ ఇదే. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి పలకలుగా విడదీస్తారు. పాలిష్ పట్టని ముఖం గరుకుగా ఉండి తడికాలికి పట్టునిస్తుంది. నున్నటి టైలుకు ఆ గుణం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఇది సున్నపురాయి, యాసిడ్ పోసి కడిగితే నురగలు కక్కి పైపొర కరిగిపోతుంది. సబ్బునీళ్లూ చీపురూ చాలు.

మా ఇంట్లో బండలు పగలకుండా ఎత్తించి, కింద కాంక్రీటు పోసి, చెమ్మ దిగకుండా పూత వేయించి, తిరిగి అవే పరిపించాం. వాటం అడుగుకు పావంగుళం. పరిచాక బేల్దారి తలుపు దగ్గర చెంబెడు నీళ్లు పోసి గొంతుకూర్చుని చూశాడు. ఒకచోట నీళ్లు ఆగాయి. అక్కడ సుద్దతో గీత గీసి, ఆ బండ ఎత్తి, కింద మాలు సరిచేసి మళ్లీ కూర్చోబెట్టాడు. "నీళ్లు నిలిస్తే పాచి పడతాదిన్నా, పాచి మీద పెద్దోళ్లు జారతారు" అన్నాడు.

గోడల సంగతి మరీ ముఖ్యం. పాత గోడలు రాయీ మట్టీ. వాటిలో పైపు కోసం గాడి కొడితే రాళ్లు కదులుతాయి. వాటికే టైల్సు అతికిస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక మట్టి మెత్తబడుతుంది, టైల్సు ఊడి పడతాయి. తడి తగిలే వైపు విడిగా ఇటుక గోడ లేపి, పైపులూ టైల్సూ దానికే పెట్టుకోవడం మేలు. పెద్దవాళ్లు పట్టుకుని లేచే స్టీలు కడ్డీ కూడా ఆ గోడకైతేనే గట్టిగా నిలుస్తుంది.

కమోడు నీళ్లు సెప్టిక్ ట్యాంకుకే పోవాలి, స్నానం నీళ్లు మాత్రం చెట్లకు పోనివ్వాలి. బోర్లు ఎండే సీమలో ఆ నీళ్లు వృథా చేసే హక్కు మనకు లేదు.

పాత ఇల్లు బాగుచేసుకునేవాళ్లకు నాదొకటే మనవి. టైల్సు దుకాణానికి పోకముందే వాటం, పట్టుకునే కడ్డీ, నీళ్ల దారి, ఈ మూడూ మేస్త్రీతో కూర్చుని తేల్చుకోండి. రంగులూ మెరుపులూ ఆ తర్వాత చూసుకోవచ్చు.