తానే ఎత్తుకోగల బండి

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి ఒకసారి ఎవరో పానీయం తెచ్చారు. ఆయన కొంత త్రాగారు. కుడి ప్రక్కన ఒక బాలుడు, ఎడమ ప్రక్కన పెద్దలు కూర్చుని ఉన్నారు. కుడివైపు వారికి ముందుగా ఇవ్వడం మర్యాద. పెద్దలకు ముందు ఇవ్వడానికి సమ్మతమేనా అని ఆయన ఆ బాలుణ్ణే అడిగారు. తమ నుండి లభించే భాగాన్ని మరొకరికి వదులుకోలేనని బాలుడు విన్నవించుకున్నాడు. ప్రవక్త (స) పాత్రను అతని చేతికే ఇచ్చారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో ఉన్న ఈ ఉల్లేఖనాన్ని మదర్సాలో సాధారణంగా కుడివైపు వారి హక్కును వివరించడానికి బోధిస్తాము. పిల్లవానికి చెందిన విషయంలో పిల్లవానినే అడగాలన్న పాఠం కూడా ఇందులో ఉంది. ఒక చిన్న బండి కొనవలసి వచ్చినప్పుడు ఆ రెండవ పాఠం మా ఇంట అవసరపడింది.

మా తమ్ముని కుమారునికి 11 ఏళ్లు. పుట్టుకతోనే ఎడమ కాలు బలహీనం. నడవగలడు గాని వేగంగా నడవలేడు, పరుగెత్తితే తూలిపోతాడు. ఖమ్మం నుండి భద్రాచలం వెళ్లే దారిలో, పాల్వంచ దాటిన తరువాత, అడవి అంచున ఉన్న ఊరు మాది. ఇంటికీ మస్జిదుకూ అర కిలోమీటరు దూరం. అస్ర్ తరువాత జరిగే మక్తబ్‌కు పిల్లలందరూ గుంపుగా పరుగెత్తుకు వస్తారు. ఇతడు చేరేసరికి సబఖ్ మొదలై ఉండేది. తోటివారు ఒకటి రెండు రోజులు అతనికోసం ఆగారు, తరువాత మానేశారు. అందులో వారి దుర్బుద్ధి ఏమీ లేదు, అది పిల్లల స్వభావం. అయినా వెనుకబడినవానికి ఆ దారి ప్రతిరోజూ పొడవుగానే ఉంటుంది.

నిలబడి, ఒక కాలితో నేలను నెట్టుకుంటూ పోయే మూడు చక్రాల స్కూటరు కావాలని అతడే తల్లికి చెప్పాడు. సైకిలు మీద అతనికి నిలకడ కుదరదు. ఇంట్లో తలా ఒక మాట అన్నారు. మూడు చక్రాల బండి పసివాళ్లదనీ, ఇంత పిల్లవాడు దానిని ఎక్కితే ఊరు నవ్వుతుందనీ మా అమ్మగారి బాధ. సదరం సర్టిఫికెట్ తీసుకుంటే చేతితో త్రిప్పే ట్రైసైకిలు వస్తుంది గదా అని ఒక బంధువు సలహా. కాన్పూరులోని ఆలిమ్కో సంస్థ తయారుచేసే ఆ బండ్లు, 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం ద్వారా అర్హులకు అందుతున్నాయి. నడవలేని వారికి అవి కాళ్లతో సమానం. కాని నడవగలిగిన బాలుణ్ణి అందులో కూర్చోబెడితే కాలికి ఉన్న కాస్త పని కూడా తప్పుతుంది. పైగా అది మరొక హక్కుదారునికి చేరవలసిన వస్తువు.

బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరాలో మార్గం చూపింది. పాలు త్రాగే బిడ్డకు మాటలు రావు గనుక పెద్దలే మాట్లాడుకోవాలి. 11 ఏళ్లవానికి మాటలు వచ్చు. అందుచేత అతణ్ణి కూడా మా మధ్య కూర్చోబెట్టుకున్నాము.

"నలుగురూ నవ్వితే ఏం చేస్తావు, బేటా?" అని అడిగాను.

"ఇప్పుడు నన్ను దాటిపోతూ నవ్వుతున్నారు, బడే అబ్బా. అప్పుడు నాతో పాటు వస్తూ నవ్వుతారు" అన్నాడు.

మా అమ్మగారు మరి మాట్లాడలేదు.

కొనడానికి ముందు ఖమ్మంలో ఒక ఫిజియోథెరపిస్టుకు చూపించాము. నేలను నెట్టే కాలికంటే పలక మీద నిలిచే కాలికే శ్రమ ఎక్కువనీ, శరీర భారమంతా దాని మీదే ఉంటుందనీ, కాబట్టి కాళ్లు మార్చుకుంటూ నడపాలనీ, అలసిన వెంటనే దిగిపోవాలనీ ఆయన చెప్పారు. ఇటువంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మెట్టును దాటవేయరాదు.

అంగడిలో మొదట చూపినది బొమ్మలు అంటించిన, చక్రాలలో దీపాలు వెలిగే బండి. మోయగల బరువు 30 కిలోలని దాని మీద రాసి ఉంది. మావాని బరువు 34 కిలోలు. ఎదిగిన పిల్లలకు కొనేటప్పుడు పెట్టె మీది వయస్సుకంటే ఈ అంకెనే ముందు చూడాలి. పిడి నడుముకు పైగా ఉండాలి. లేకపోతే వంగి నడపవలసి వస్తుంది. పలక నేలకు దగ్గరగా ఉంటే నెట్టే కాలికి శ్రమ తక్కువ. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి ఉండి, శరీరాన్ని ప్రక్కకు వాల్చితే మలుపు తిరిగే రకాలున్నాయి. పిడిని త్రిప్పితే తిరిగేవీ ఉన్నాయి. వేగంలో పిడిని ఒక్కసారిగా త్రిప్పితే బండి ప్రక్కకు ఒరుగుతుంది. వాల్చి నడిపే రకానికి కొన్నాళ్ల అభ్యాసం కావాలి. మా వీధులలో నడుమ సిమెంటు రోడ్డు, అంచుల్లో మొరం. చిన్న చక్రం గులకరాయికి తగిలి ఆగితే పిల్లవాడు ముందుకు పడతాడు. అందుకని చక్రాలు కొంత పెద్దవి చూశాము. అయినా మొరం మీద దిగి నడిపించుకోవాలన్నది నియమం. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. దానిని కూడా చూసుకోవాలి.

చివరకు రెండు బండ్లు మిగిలాయి. ఒకటి ఇనుముది, ఒకటి అల్యూమినియంది. బరువుంటేనే గట్టిగా ఉంటుందని అంగడి యజమాని నచ్చజెప్పబోయారు. రెండింటినీ ఎత్తి అంగడి మెట్లు ఎక్కి చూడమని పిల్లవానికి చెప్పాను. ఇనుప బండితో మొదటి మెట్టు దగ్గరే గోడను పట్టుకున్నాడు. రెండవ దానిని మడిచి ఒక చేత పట్టుకుని, మరొక చేత కమ్మీ పట్టుకుని పైకి చేరాడు. దానినే కొన్నాము. మా మస్జిదుకు మెట్లున్నాయి. అక్కడ ప్రతిరోజూ ఎవరో ఒకరిని పిలిచి ఎత్తిపెట్టమని అడగవలసిన బండి అతనికి ఎలా తేలిక అవుతుంది? ప్రజలను ఏమీ అడగబోమని ప్రవక్త (స)కు ప్రమాణం చేసిన సహాబాలలో కొందరు, స్వారీలో కొరడా జారిపడినా అందించమని ఎవరినీ కోరేవారు కారని సహీహ్ ముస్లింలో ఉంది. ఆ అభిమానాన్ని పిల్లవానిలో కాపాడడం మన బాధ్యత.

హెల్మెట్, మూసిన చెప్పులు లేనిదే బండి ఎక్కరాదు. మగ్రిబ్ తరువాత, వాన తడిలో బయటకు తీయరాదు. మణుగూరు బొగ్గు లారీలు, సారపాక కాగితం మిల్లుకు కర్ర తెచ్చే లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీదికి అసలే పోరాదు. ఈ షరతులకు అతడే ఒప్పుకున్నాడు గనుక వాటిని గుర్తుచేయవలసిన అవసరం తక్కువగా వస్తున్నది.

బండి వచ్చిన వారంలోనే, ఎవరి పేరూ ఎత్తకుండా, మక్తబ్ పిల్లలకు హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె మస్ఊద్ (రజి) సంగతి చెప్పాను. ఆయన చెట్టెక్కినప్పుడు గాలికి సన్నని పిక్కలు కనిపించి కొందరు నవ్వారు. తీర్పు దినాన త్రాసులో ఆ కాళ్లు ఉహుద్ పర్వతంకంటే బరువైనవని ప్రవక్త (స) వారికి తెలియజేశారు. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. మరునాడు ఇద్దరు వచ్చి బండిని ఒక చుట్టు నడపనివ్వమని మావానినే అడిగారు.

ఇప్పుడు సబఖ్ మొదలయ్యేసరికి అతడు వరుసలో ఉంటున్నాడు. అందరికంటే ముందు రావడం లేదు, గుంపు మధ్యలో వస్తున్నాడు. అతడు కోరుకున్నదీ అదే.