బాలెంత బి.ఎడ్.

చంటిపిల్ల తల్లి చేత పుస్తకం కనిపిస్తే చాలు, వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ ఒకటే మాట: "నీ ఓపికకి జోహారమ్మా!" ఆ మాటకి ఖర్చు లేదు గనక ధారాళంగా అంటారు. నేను బి.ఎడ్. చదువుతూ పిల్లని కన్న యేడాదిలో నాకు దక్కిన జోహార్లన్నీ పోగేస్తే, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో వున్న లారీలన్నీ కట్టినా చాలవు. కానీ నాకు కావలసినది ఓపిక కాదండీ, రోజులు. అక్షరాలా 9 రోజులు. ఆ తొమ్మిదింటినీ యెలా ఖర్చు పెట్టుకున్నానో చెబుతాను.

ముందు లెక్క వినండి. ఒకప్పుడు యేడాదిలో ముగిసే బి.ఎడ్. చదువు, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనలతో రెండేళ్ళయింది. తరగతులకి నూటికి 80 వంతులు హాజరు కావాలి. బడికి వెళ్ళి పాఠాలు చెప్పే శిక్షణకైతే నూటికి 90. ఆ శిక్షణ రెండో యేట 16 వారాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 96 రోజులు. అందులో 90 వంతులంటే 87. అనగా, భూమి తల్లకిందులైనా నేను మానదగినవి తొమ్మిదే తొమ్మిది. పదోది మానితే ఆ యేడాది గోదాట్లో కలిసినట్టే.

శిక్షణ మొదలయ్యేనాటికి మా చంటిదానికి తొమ్మిది వారాలు.

"రెండేళ్ళు ఆగి కనకపోయావా?" అన్నవాళ్ళూ లేకపోలేదు. సీటు వచ్చింది, పెళ్ళయింది, పిల్ల కడుపున పడింది. మూడూ వాటి వాటి వేళకే వచ్చాయి. ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళ ఆడపిల్లకి చదువూ సంసారమూ ఒకే రేవులో, ఒకే పడవెక్కుతాయి. ఒకదాన్ని గట్టున దింపి రమ్మంటే యే ఒక్కదాన్ని దింపడం?

కాలేజీలో సెలవు సంగతి అడిగాను. ఆఫీసులో కూర్చున్నాయన మర్యాదస్తుడే. రిజిస్టరు అటూ యిటూ తిప్పి, "జబ్బు చేస్తే సర్టిఫికెట్టు పెట్టుకోవచ్చు గానమ్మా, పురుటికి గడి లేదు" అన్నాడు. పురుడు జబ్బు కాదు గదా! అబద్ధమాడితే గడి వుందిట, నిజం చెబితే లేదుట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. వుద్యోగం చేసే తల్లికి మన దేశంలో 1961లోనే ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017లో సవరించి మొదటి రెండు కాన్పులకి 26 వారాల సెలవు యిమ్మన్నారు. పరిశోధన చేసే విద్యార్థినికి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారు 2016లో 240 రోజులదాకా యివ్వవచ్చునన్నారు. మామూలు డిగ్రీలూ, పి.జి.లూ చదివే ఆడవాళ్ళకి కూడా తగిన నియమాలు యేర్పరచమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకి వుత్తరం రాశారు. వుత్తరమైతే బయలుదేరింది గానీ, మా కాలేజీ రిజిస్టరు దాకా రాలేదు.

పురుడు రాజోలు దగ్గర మా పుట్టింట్లో. చెవుల్లో దూది, తలకి గుడ్డ, పొద్దున్నే కాయం ముద్ద, స్నానం కాగానే సాంబ్రాణి పొగ. పుస్తకం తీశానో లేదో మా అమ్మమ్మ లాక్కుంది. "పచ్చి బాలెంతవి, కళ్ళు పోతాయే!" అని. పరీక్షలు పోతాయంటే వినదు. చివరికి మా నాన్న ఒక దారి కనిపెట్టారు. గుమ్మం బయట కుర్చీ వేసుకుని ఆయన చదవడం, గదిలో పడుకుని నేను వినడం. కళ్ళు మూసుకుని వినడానికి మా అమ్మమ్మ శాస్త్రం అడ్డు చెప్పలేదు.

ఆ పూట పాఠం పియాజే. స్విట్జర్లాండు పెద్దమనిషి. పుట్టినప్పటినుంచి రెండేళ్ళదాకా ఇంద్రియ చాలక దశ అనీ, కంటికి కనబడని వస్తువు కూడా వుండే వుంటుందని బిడ్డకి కొన్ని నెలలు గడిస్తేగాని తెలియదనీ రాశాడు. మా అమ్మమ్మ గోడకి చేరగిలబడి అంతా విని, "కొంగు చాటున మొహం దాచుకుని దోబూచులాడితే పిల్లలు యెందుకు నవ్వుతారంటావు మరి? ఈ మాట చెప్పడానికి అంత దూరం నుంచి రావాలిట్రా?" అంది.

తరవాత తెలిసింది, పియాజే తన సొంత పిల్లలు ముగ్గుర్నీ యింట్లోనే కనిపెట్టి చూసి ఆ సంగతులు రాశాడట. ఆయన భార్య కూడా పక్కన కూర్చుని చూసి రాసిందట. నాకు వెంటనే ఒక సందేహం వచ్చింది: వాళ్ళిద్దరూ రాసుకుంటూంటే ఆ పక్కగుడ్డలు యెవరు వుతికారు? పుస్తకాల్లో ఆ అధ్యాయం వుండదు. నా చదువుకి అసలైన అధ్యాయం అదే.

మా వైపు తొలిచూలు బాలెంత మూడో నెలో, ఐదో నెలో గాని అత్తవారింటికి వెళ్ళదు. నేను వెళ్ళవలసిన బడి మా అత్తవారి వూరికి బస్సులో అరగంట. ఐదో నెల అయ్యేదాకా పంపనని మా అమ్మ. తొమ్మిది వారాలకే రావాలని నేను. ఫోనులో సంగతంతా విని మా అత్తగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఆయ్, అయితే వదినగారూ, మీరు కూడా వచ్చెయ్యండి."

వియ్యపురాళ్ళిద్దరూ ఒక యింట్లో! ఊరంతా వేడుక చూద్దామని కూర్చుంది. కాళ్ళు చాపుకుని పిల్లని కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోయడంలో రాజోలు పద్ధతి వేరు, అంబాజీపేట పద్ధతి వేరు అని నాకు అప్పుడే తెలిసింది. మాడుకి ఆముదమని ఒకరు, మన తోటలో ఆడించిన కొబ్బరినూనె వుండగా ఆముదమేమిటని ఇంకొకరు. ముక్కులోనూ చెవిలోనూ మాత్రం యే నూనే పొయ్యవద్దని నర్సమ్మ చెబితే ఇద్దరూ ఒకటై ఆమె మీద అలిగారు. అలిగినా మాట విన్నారు.

పాల సంగతి మరో పెద్ద చర్చ. ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్ళు కూడా వద్దని పురుటినాటి నుంచి ఆశా కార్యకర్త చెబుతూనే వుంది. కాన్పయిన 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొచ్చి చూసిపోవడం వాళ్ళ నియమం. మరి నేను బడిలో వుంటే యెలా? పిండి మూతపెట్టిన పాలు ఫ్రిజ్జులో నాలుగు రోజుల వరకూ వుంటాయని నర్సమ్మ చెప్పింది. "ఆవుపాలు కాచి దాచడం యెరుగుదుం గానీ, అమ్మపాలు దాచడం యెక్కడా చూడలేదమ్మా" అని బుగ్గలు నొక్కుకున్న మా అత్తగారే, మర్నాటినుంచి ఆ పాలు గోరువెచ్చన చేసి వుగ్గుగిన్నెతో పట్టారు. మధ్యాహ్నం గంటకి మాత్రం పిల్లని యెత్తుకుని మా మామగారి బండి మీద బడికి వచ్చేవారు. గంట కొట్టకముందే నా ఒంటికి తెలిసిపోయేది, వాళ్ళు గేటు దగ్గర వున్నారని.

మామగారు ఉయ్యాలకి తాడు కట్టి, కొస కాలి బొటనవేలికి తగిలించుకుని పేపరు చదివేవారు. సంపాదకీయం గట్టిదైతే ఉయ్యాల ఆగిపోయేది, చంటిది కేకేసేది. మా వారు కొబ్బరి కొట్టులో లెక్కలు చూసుకుని రాత్రి పదింటికి వచ్చి, ఒంటిగంటదాకా పిల్లని భుజాన వేసుకుని వసారాలో తిరిగేవారు. ఆ మూడు గంటలే నేను పాఠ్యప్రణాళికలు రాసుకున్న గంటలు. "మగాడిచేత జోల పాడిస్తోంది" అని పక్కింటివాళ్ళు అంటే, "పాడనివ్వండి, గొంతు బావుంది" అన్నారు మా అత్తగారు.

ఇంత వున్నా రోజులు జారిపోతూనే వున్నాయి. పదో వారం టీకాకి ఒక రోజు, మర్నాడు జ్వరానికొక రోజు: రెండు. పద్నాలుగో వారం టీకాకి మళ్ళీ రెండు: నాలుగు. పాలు గడ్డకట్టి నాకే జ్వరం కాస్తే రెండు: ఆరు. పిల్లకి రొంప పట్టి డొక్కలెగరేసిన రోజు ఒకటి: ఏడు. మా అమ్మ రాజోలు వెళ్ళిపోయాక, దగ్గర చుట్టం పోయి అత్తగారూ మామగారూ బయలుదేరిన రోజు ఒకటి: ఎనిమిది. చేతిలో ఒక్కటే మిగిలింది. ఇంకా అయిదు వారాల బడి వుంది.

సరిగ్గా అప్పుడే అన్నప్రాశన వచ్చింది. ఆడపిల్లకి ఐదో నెలలో చెయ్యాలి గదా. పురోహితుడుగారు బుధవారం దివ్యమైన ముహూర్తమన్నారు. చుట్టాలందరికీ నచ్చింది. "ఒక్కరోజు మానెయ్యి, కన్నకూతురి అన్నప్రాశన కంటేనా?" అన్నారు. నేను నోరు మెదపలేదు. ఏమని చెప్పను? ఆ ఒక్కరోజు వెనక రెండేళ్ళు నిలబడి వున్నాయని చెబితే, పిల్లకంటే చదువెక్కువా అంటారు.

మాట్లాడింది మా అత్తగారు. ఏడో తరగతి చదివిన మనిషి. "ఆదివారం చూడండి" అన్నారు.

"ఆదివారం అంత బలమైన లగ్నం లేదమ్మా."

"ఆయ్, వున్నంతలోనే చూడండి. పిల్లకి అన్నం పెట్టడానికని తల్లి అన్నం తీసేస్తామా?"

ఆదివారమే అయింది. వచ్చినవాళ్ళు వచ్చారు. చంటిది పరమాన్నం చప్పరించి మొహం చిట్లించింది, పుస్తకం పట్టుకుంది, నవ్వుకున్నాం. ఆ రాత్రి మా అత్తగారు నాతో మెల్లిగా అన్నారు: "ఆ మిగిలిన రోజు ఖర్చు పెట్టకమ్మాయ్. పిల్లతల్లి చేతిలో ఒక రోజెప్పుడూ వుండాలి." ఆ రోజు అలాగే మిగిలింది. శిక్షణ ముగిసింది, పరీక్ష నెగ్గాను.

ఇక్కడితో ఆపితే మా యింటి గొప్ప చెప్పుకున్నట్టవుతుంది. అసలు మాట వేరే వుంది. మా తరగతిలోనే మరో అమ్మాయికి నాకంటే రెండు నెలలు ముందు బాబు పుట్టాడు. లంక గ్రామం. తల్లి లేదు, అత్తగారు కూలికి వెళితేగాని గడవదు. తొమ్మిది రోజులూ మొదటి నెలలోనే అయిపోయాయి. తరవాత ఆ పిల్ల రాలేదు. మార్కుల్లో నాకంటే ముందుండేది. నాకున్నవీ ఆమెకి లేనివీ తెలివితేటలు కావు, ఓపికా కాదు. ఇద్దరు వియ్యపురాళ్ళు, ఒక ఫ్రిజ్జు, ఒక మామగారి కాలి బొటనవేలు.

చదువు మధ్యలో తెగిపోయిన ఆడవాళ్ళ సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదటి అధ్యక్షురాలుగా నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958లోనే అటువంటి స్త్రీలకోసం సంక్షిప్త విద్యా కోర్సులు పెట్టింది. తెగిన దారం ముడివెయ్యడం గొప్ప పనే. అసలు తెగకుండా చూడడం ఇంకా చవక. కేరళలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2022 డిసెంబరులో డిగ్రీ, పి.జి. విద్యార్థినులకి 60 రోజుల ప్రసూతి సెలవు నిర్ణయించింది. ఎం.ఎడ్. చదివే ఒక తల్లి హాజరు వ్యాజ్యంలో 2023 మే నెలలో ఢిల్లీ హైకోర్టు, చదువో బిడ్డో తేల్చుకోమని ఆడదాన్ని నిలబెట్టడం తగదన్నది. న్యాయమూర్తిగారూ మా అత్తగారూ ఒకే తీర్పు చెప్పారన్నమాట.

కాలేజీలు నడిపే పెద్దలకి నా మనవి ఒక్కటే. జోహార్లు తరవాత తీరిగ్గా చెప్పుకోవచ్చు. ముందు ఆ రిజిస్టరులో పురుటికి ఒక గడి గియ్యండి.