అడుగులు వేసే మిషను

"వదినా, మిషను నువ్వే చూడాలి" అని మా చిన్నాడపడుచు అవనిగడ్డనుంచి ఫోను చేస్తే, ముందూ వెనకా చూడకుండా సరేనన్నాను. నలభై ఏళ్ళుగా రవికలు కుట్టుకుంటున్నదాన్ని, నాకు తెలియని మిషనేమిటని ధీమా. ఆ ధీమా దిగడానికి రెండు రోజులు పట్టింది.

సంగతేమిటంటే, తను కుట్టబోయేది బట్ట కాదు, తోలు. భర్త పోయాక రెండేళ్ళు రవికలతోనే నెట్టుకొచ్చింది. ఇంటింటా ఒక మిషనున్న ఊళ్ళో రవికల మీద ఏం మిగులుతుంది చెప్పండి? మూడు నెలలు తోలు సంచులు కుట్టడం నేర్చుకుంది. మెళ్ళో గొలుసు అమ్మి యాభై వేలు సిద్ధం చేసింది. "ఇంకో గొలుసు లేదు వదినా" అంది నవ్వుతూ. ఆ నవ్వుకే నాకు గుండె జారింది.

పెళ్ళి సారెలో వచ్చిన తొక్కుడు మిషను మీద ఒక సంచీ ప్రయత్నించిందట. మూడు సూదులు విరిగాయి. విరగనిచోట, చివరికొచ్చేసరికి పైముక్క కిందముక్కకన్నా వేలెడు పొడుగు మిగిలింది.

ఊళ్ళో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాం, నేనూ మావారూ. దారి పొడుగునా ఆయన ఉపన్యాసం. యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో కుట్టు మిషనుకి మినహాయింపు ఇచ్చారట, సింగరుగారు భార్య చేతికుట్టు అవస్థ చూడలేక ప్రేమతో దాన్ని తయారుచేశాడని. సింగరుగారు 1851లో పేటెంటు తీసుకున్నమాట నిజమేగాని, ఆయనకి ఒకటికి నాలుగు సంసారాలు, ఇరవైమందికి పైగా పిల్లలూను. ఏ భార్య అవస్థ చూశాడో! ఆ మాటే అంటే మావారు మళ్ళీ నోరెత్తలేదు.

దుకాణం అబ్బాయి "హెవీ డ్యూటీ" అని రాసున్న మిషను మీద జీన్సు గుడ్డ నాలుగు మడతలు టకటకా కుట్టి చూపించాడు. ఆడపడుచు పంపిన తోలుముక్క సంచిలోంచి తీసి, దీన్ని మడిచి కుట్టు నాయనా అన్నాను. "తోలు ఎందుకండీ, జీన్సు చూశారుగా" అన్నాడు. నేను ముక్క లోపల పెట్టుకుని వచ్చేశాను. మీరెవరైనా ఇలాంటి బేరానికి వెళ్తే మీ ముక్క మీరు తీసుకెళ్ళండి.

దారి చూపించినవాడు మా వీధి మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన. ఆరె, రంపె పక్కన పెట్టి, "ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టేవాళ్ళనడగండమ్మా, వాళ్ళకి తెలుస్తుంది" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ ఆటోనగర్ మగవాళ్ళ లోకమని అటు తొంగిచూడలేదు నేను. లారీ బాడీల సుత్తిమోతల మధ్య ఒక షెడ్డులో సీట్లు కుట్టే ఆయన ఓపిగ్గా చూపించాడు.

మన మిషనులో కిందనున్న పళ్ళే బట్టని నెడతాయి. పైపాదం ఊరికే నొక్కి ఉంటుంది. బట్ట దానికింద జారిపోతుంది, తోలు మాత్రం పాదాన్ని పట్టుకుని వదలదు. కిందముక్క ముందుకు పోతుంది, పైముక్క మొరాయిస్తుంది. ఆయన మిషనుకి రెండు పాదాలు. ఒకటి నొక్కి ఉండగా రెండోది లేచి అడుగు వేస్తుంది. దిగిన సూది కూడా తోలుతోపాటే జరుగుతుంది. మోకాలిలోతు బురదచేలో నడిచేవాళ్ళు ఒక కాలు ఆనితేగాని రెండోది పీకరు చూడండి, అచ్చం అలాగే.

దుకాణంలో నిమిషానికెన్ని కుట్లో చెప్పారు. ఈయనేమో ఎంత నెమ్మదిగా కుడుతుందో చూసుకోమన్నాడు. పాతరకం క్లచ్ మోటారు బల్లకింద ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, కాలు ఆనిస్తే చాలు దౌడు తీస్తుంది. సర్వో మోటారైతే తొక్కినప్పుడే తిరుగుతుంది, ఒక్కొక్క కుట్టే వేయించుకోవచ్చు. రవిక వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టుకుంటాం, ఒక ఉతుకుతో బెజ్జాలు పూడిపోతాయి. తోలుకి పడ్డ బెజ్జం పడ్డట్టే. కుట్లు మరీ దగ్గరైతే తపాలా బిళ్ళల అంచులా చిరిగి చేతికొస్తుంది. 3, 4 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. దారం నైలానుది, సూది లావుది. తంగేడుచెక్కతో పదును చేసిన తోలులో నూలుదారం కొన్నాళ్ళకి చివికిపోతుందట.

గొట్టంలాంటి చెయ్యి ఉన్న మిషను మీద కూడా నాకు మనసైంది. కుట్టిన సంచీని దానిచుట్టూ తిప్పుకోవచ్చు. ధర విన్నాక ఆ మనసు నేనే మళ్ళించుకున్నాను. పరచి కుట్టి తిరగేసే సంచులకి బల్లపరుపుది చాలు.

ఆయనే ఒక పాత మిషను చూపించాడు. దాని మోటారు త్రీఫేజుది. ఇంటి కరెంటుకి పనికిరాదు. నేనొక్కదాన్నే అయితే కొనేసి బండికెత్తించేదాన్ని! మోటారు తీయించి సర్వో బిగిస్తే 46 వేలకి బేరం తెగింది. డబ్బు ఇవ్వకముందు తనని రప్పించాను. బస్సు దిగి తిన్నగా షెడ్డుకొచ్చి కూర్చుంది. చేతిచక్రం తిప్పి చూసింది. నాలుగు మడతల మూలమీద కుట్టింది. మళ్ళీ కుట్టింది. ఎవరితోనూ మాట్లాడలేదు.

పాత తొక్కుడు మిషను ఇస్తే 2 వేలు తగ్గిస్తానన్నాడు పెద్దాయన. తను తలూపబోయింది. "లోపలి అస్తరు దేనిమీద కుడతావే?" అన్నాను. ఊపబోయిన తల ఆగిపోయింది.

ట్రాలీ ఆటోలో తాళ్ళతో కట్టి ఉయ్యూరు, పామర్రు మీదుగా పంపించాం. చీకటి పడ్డాక ఫోను. "వదినా, పైముక్కా కిందముక్కా సమానంగా వచ్చాయి."

మొదటి సంచీ నాకే పంపింది. అడుగున ఒకచోట కుట్టు కాస్త వంకర పోయింది. డబ్బిస్తానంటే ససేమిరా అంది. రెండో సంచీకి మాత్రం మావారిచేత పూర్తి ధర కక్కించింది, అన్నగారని రూపాయి కూడా తగ్గించకుండా.