కోతనాటి హక్కు

దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్‌ఆమ్ సూరా 141వ ఆయత్‌లో తోటల ప్రస్తావన వస్తుంది. పందిళ్లపై పాకే తీగలు, పందిరి అక్కరలేని చెట్లు, ఖర్జూరాలు, పైరుపంటలు, దానిమ్మలు - వీటన్నిటినీ సృష్టించినవాడు అల్లాహ్ అని గుర్తుచేసిన పిదప మూడు ఆదేశాలు వరుసగా ఉన్నాయి. కాపు వచ్చినప్పుడు తినమన్నది మొదటిది. కోసిననాడే దాని హక్కు చెల్లించమన్నది రెండవది. దుబారా చేయవద్దన్నది మూడవది.

ఈ మూడూ ఒకేచోట ఉండటం గమనార్హం. దానం వేరు, పొదుపు వేరు అని మనం సాధారణంగా భావిస్తాము. కాని వృథా చేసే ఇంట్లో ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇవ్వకుండా కూడబెట్టిన ఇంట్లో పొదుపు పిసినారితనమవుతుంది. ఇక్కడ మరొక మాటను కూడా గమనించాలి. పేదకు ఇచ్చేదానిని ఆయత్ ఉపకారం అనలేదు, 'హక్కు' అన్నది. వానతో పండిన పంటలో పదోవంతు, శ్రమించి నీరు పెట్టిన పంటలో ఇరవయ్యోవంతు ఉష్ర్‌గా చెల్లించాలన్న నియమం రైతులకు తెలిసినదే. మరి పొలం లేని వ్యాపారికి కోతనాడు ఏది?

కొన్నేళ్ల క్రితం రమజాన్‌లో పలాస ప్రాంతపు జీడిపప్పు వ్యాపారి ఒకరు మా మద్రసాకు విరాళం తెచ్చారు. మాటల మధ్యలో, "మౌలానా, సరుకు కొన్నవారు ఇబ్బందుల్లో ఉన్నారు. గడువు అడిగితే కాదనలేకపోయాను. అందుకే పొట్టు తీసే ఆడవాళ్లకు రెండు వారాల కూలి ఇవ్వలేదు" అన్నారు. పలాస, కాశీబుగ్గల్లో ఆ పని తెలియనివారు లేరు. పిక్కలు కొట్టేవారి చేతులను జీడి కాల్చివేస్తుంది. పొట్టు తీసేవారికి ఎన్ని కిలోలు తీస్తే అంతే కూలి.

ఇబ్బందుల్లో ఉన్న ఋణగ్రస్తునికి గడువు ఇవ్వమని బఖరా సూరా 280వ ఆయత్ బోధిస్తుంది. ఆ వ్యాపారి చేసినది మంచి పనే. అయితే ఆ గడువు మన సొమ్ములోంచి ఇవ్వాలి, కూలివారి సొమ్ములోంచి కాదు. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసులో ఉంది. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్నది దైవప్రవక్త (స) ఉపదేశం. "భాయ్, ముందు ఈ సొమ్ముతో కూలి చెల్లించండి. నఫిల్ దానం కంటే బాకీ తీర్చడం ముందు. మీ వ్యాపారంలో కోతనాడు అదే" అని మేము చెప్పి, విరాళం తిరిగి ఇచ్చివేశాము. ఆయన కొంతసేపు మౌనంగా కూర్చొని, సలాం చేసి వెళ్లారు. మర్నాడు కూలి అందరికీ ముట్టిందని కబురు పంపారు. ఆ నెల మా మద్రసా వంటగదిలో మాంసం వండలేదు. పప్పుచారుతోనే పిల్లలు ఇఫ్తార్ తరువాత భోజనం చేశారు. వారిలో ఒకడు కారణం అడిగితే దాచకుండా చెప్పాము. ఆనాటి పాఠం అదే అయింది.

ఇదే ప్రాంతానికి సంబంధించిన మరొక సంగతి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని తాకింది. తాతల నాటి కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అయినా ముసలి రైతులు మళ్లీ మొక్కలు నాటారు. చేతిలో మొక్క ఉండగా ప్రళయమే ముంచుకొచ్చినా, వీలైతే దానిని నాటమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. విశ్వాసి నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతనికి సదఖా అవుతుందని కూడా తెలిపారు. తాము తినబోని పండు కోసం నీరు పోయడం కంటే పెద్ద దాతృత్వం ఏముంటుంది?

తోట లేనివారి ఇంట్లో కూడా ఈ ఆచరణకు చోటుంది. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరుకు మించని నీటితో, వుజూ చేసేవారు. నేడు కుళాయి విప్పి వదిలితే ఒక్కరి వుజూకు ఎన్ని లీటర్లు పోతాయో బిందె పెట్టి కొలిచి చూడండి. పారే నది ఒడ్డున ఉన్నా నీటిని వృథా చేయరాదన్న బోధ నాగావళి ఒడ్డున ఉన్న మనకు మరింత వర్తిస్తుంది. మా పిల్లలు లోటాతో వుజూ చేస్తారు. ఆ నీరు అరటి మొక్కలకు పోతుంది.

పండుగ బట్టల విషయమూ ఇంతే. పొందూరులో నేటికీ వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి, చేతితో నూలు వడికి, ఖద్దరు నేస్తున్నారు. ఆరు నెలలకే వెలిసిపోయే మూడు జతల బదులు, మన్నే ఒక్క జత కొనవచ్చు. నేతగాని వద్ద బేరమాడి మిగిల్చుకున్న సొమ్ము పొదుపు కాదు, అతని కష్టంలోంచి తీసుకున్నది. చిరిగిన వస్త్రాన్ని తన చేతితో కుట్టుకున్న ప్రవక్త (స) అనుచరులమైన మనకు కుట్టు వేసిన చొక్కా నామోషీ కారాదు.

ఈ రాత్రి దుకాణం మూసేముందు, ఇంట్లో దీపం ఆర్పేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాము: ఈ రోజు మన కోతలో ఎవరి హక్కు మన వద్దే ఉండిపోయింది? ఆ హక్కును ఆలస్యం లేకుండా చెల్లించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.